పదిహేనో రీలు

పని ఏమిటంటే

1973 ఆగస్టు నుంచి 1989 డిసెంబరు దాకా, అంటే పదహారేళ్ళ నాలుగు నెలలు, నేను తెరకు వీపు పెట్టి నిలబడ్డాను. వరంగల్‌లో ఒక పాత సినిమా హాల్లో ఆడవాళ్ళ తరగతికి గేట్ కీపర్‌ని. ఆ తరగతిని అప్పట్లో అందరూ జనానా అనేవాళ్ళు. మగవాళ్ళ కుర్చీలకూ దానికీ మధ్య పొట్టి గోడ, గోడ మీద చెక్క జాలీ. జనానా తలుపు తెర పక్కనే ఉండేది. టికెట్టు చింపి, టార్చితో చోటు చూపించి, మళ్ళీ తలుపు దగ్గరికి వచ్చి నిలబడితే సినిమా నా వెనక నడిచేది. నాకు కనిపించేది ఆడవాళ్ళ ముఖాలు. హాలు నిండితే నూట నలభై.

ఈ మధ్య మా వీధి అమ్మాయి ఒకామె కొత్త సినిమా హాల్లో పనికి కుదిరింది. టార్చి పట్టుకుని నిలబడడమేనా పని అని నన్ను అడిగింది. నోటితో చెబితే సగమే వింటుంది కాబట్టి రాస్తున్నాను. సినిమా కథలు రాయాలనుకునే పిల్లలకూ పనికిరావచ్చు. ముఖ్యంగా మనిషికి తన మనసు మీదే అనుమానం పుట్టించే కథలు రాసేవాళ్ళకు. ఇప్పుడు వాటిని సైకలాజికల్ థ్రిల్లర్లు అంటున్నారు. మేం సస్పెన్స్ సినిమాలు అనేవాళ్ళం.

ఎప్పుడు ఎంత జీతం పెరిగిందో, ఎవరు నా సెలవు చీటీ చించారో రాయను. వాటివల్ల ఎవరికీ ఏమీ రాదు.

మేనేజరు సారు

మా మేనేజరు నర్సింగరావు సారు మెచ్చుకోవడం తెలియని మనిషి. నేను చేరిన రెండో నెలలో నాకొక నోటు పుస్తకం, ఒక పాత చేతిగడియారం ఇచ్చాడు. "సరోజనా, తెర నేను జూస్త. మనుషులను నువ్వు జూడు" అన్నాడు. ఆడవాళ్ళు ఎక్కడ నవ్వారు, ఎక్కడ ఏడ్చారు, ఎక్కడ లేచి బయటికి వెళ్ళారు, ఎంతమంది, ఎన్ని నిమిషాలకు? అది రాయాలి. శనివారం శనివారం ఆ కాగితం ఆయన బల్ల మీద పెట్టాలి. ఈ కాగితాలు చూసి ఆయన మా హాలుకు ఏ సినిమా తెప్పించాలో, ఎన్ని వారాలు ఆడించాలో నిర్ణయించేవాడు. పదహారేళ్ళలో పదకొండు పుస్తకాలు నింపాను.

సస్పెన్స్ సినిమాల గురించి నాకు తెలిసిందంతా ఆ పుస్తకాల్లోంచి వచ్చిందే.

మొదటి ఇరవై నిమిషాల్లో ఎవరూ భయపడరు. కానీ ఆ ఇరవై నిమిషాల్లోనే భయానికి నారు పోస్తారు. మేడమెట్లు, తాళం వేసిన గది, గోడ మీద దీపం అన్నీ వెలుతురులో, పాటల మధ్య, ఏమీ కానట్టు చూపించాలి. పగలు చూసిన మెట్లే చీకట్లో భయపెడతాయి. ఆ పని చేయకుండా ఒకేసారి చీకటి చూపించి వాద్యాలు మోగిస్తే మా జనానాలో పిల్లలు మాత్రమే ఉలిక్కిపడేవాళ్ళు.

ఒంటికన్ను నౌకరును, గూని తోటమాలిని అనుమానించమని చూపించే దర్శకులంటే నాకు గౌరవం లేదు. ఒకటి, అది అవిటివాళ్ళకు అన్యాయం. రెండు, మా ఆడవాళ్ళు ఎన్నడూ మోసపోలేదు. గూనివాడు తెర మీదికి రాగానే "వీడు గాదు" అని తేల్చేసేవాళ్ళు. కథానాయికకు మందు కలిపిచ్చి నెత్తి నిమిరే పెద్దమనిషి రాగానే "ఆఁ, వీడే" అనేవాళ్ళు.

ఇంటర్వెల్‌లో జనం మురుకుల బండి మీద పడితే కథ వదులైందని అర్థం. కూర్చున్నచోటే పక్కవాళ్ళతో గుసగుసలు పెడితే బిగిసిందని అర్థం. మురుకులమ్మే కొమురమ్మ సస్పెన్స్ సినిమా వస్తే ముఖం మాడ్చుకునేది. "ఇసోంటి సిన్మలు దెచ్చి నా పొట్ట గొడ్తాండు మీ సారు" అని ఆమె తిట్టిన వారం మాకు మంచి వారం.

ముందే చెప్పమన్న అవ్వ

ఒక పెద్దావిడ మ్యాట్నీకి వచ్చేది. ఆమె తలుపు దగ్గర ఆగి, "ఎవలు జంపిండ్రో జెప్పు బిడ్డా, గప్పుడు నిమ్మలంగ జూస్త" అని అడిగేది. చెప్పకూడదని హాల్లో నియమం. మూడుసార్లు చెప్పలేదు. నాలుగోసారి ఆమె చెవిలో చెప్పాను.

నిమ్మళంగా చూస్తుందనుకున్నాను. అందరికంటే ఎక్కువ భయపడింది ఆమే. హంతకుడు కథానాయిక పక్కన కూర్చుని మామిడిపండు కోసి పెడుతుంటే మిగతా జనానా అంతా హాయిగా ఉంది. అవ్వ ఒక్కతే కొంగు నోట్లో కుక్కుకుని, "వాని పక్కన కూసోకే, లే" అని వణికిపోయింది. తెలియని మనిషి ఒకసారి ఉలిక్కిపడుతుంది. తెలిసిన మనిషి రెండు గంటలు కూర్చుని ఆ పిల్ల కోసం భయపడుతుంది. మొదటిది ఆశ్చర్యం, రెండోది ప్రేమ. కథ రాసేవాళ్ళు ఈ రెండింటిలో ఏది కావాలో ముందే తేల్చుకోవాలి.

ఇక నేను చేసిన పెద్ద తప్పు చెబుతాను.

అనసూయ

1979 ఎండాకాలంలో ఒక సస్పెన్స్ సినిమా మా హాల్లో ఐదు వారాలు ఆడింది. పేరు రాయను. కథ ఇంత: కొత్తగా పెళ్ళయిన ఒకమ్మాయి పెద్ద బంగళాలోకి వస్తుంది. ఇంట్లో వస్తువులు మాయమవుతుంటాయి. అవి ఆమె పెట్టెలోనో, ఆమె దిండు కిందో దొరుకుతాయి. ఆమెకు మతి చలించిందని అందరూ అంటారు. ఇంటర్వెల్ నాటికి ఆమె కూడా నమ్ముతుంది. మొత్తం పదహారు రీళ్ళు, ఒక్కొక్కటి పది పదకొండు నిమిషాలు. పద్నాలుగో రీలు చివర ఆమె మెట్ల మీద కెవ్వుమని పడిపోతుంది. పదిహేనో రీల్లో జరిగిందంతా రెండోసారి చూపిస్తారు, ఈసారి అవతలి వైపు నుంచి. తాళాలు, కుంకుమ భరిణె, ఉత్తరం, ప్రతి వస్తువునూ తీసిన చెయ్యి కనిపిస్తుంది. ఆ చెయ్యి భర్త పినతండ్రిది. పోలీసులు అతన్ని తీసుకుపోతారు. పదహారో రీల్లో ఆమె ఆస్పత్రి మంచం మీద కళ్ళు తెరుస్తుంది. డాక్టరు నవ్వి, ఇక భయం లేదంటాడు. తోటలో పాట. శుభం.

ఈ సినిమాకు మొదటి వారం మంగళవారం మ్యాట్నీకి ఇరవై నాలుగు, ఇరవై అయిదేళ్ళ అమ్మాయి ఒంటరిగా వచ్చింది. శుక్రవారం మళ్ళీ వచ్చింది. రెండో వారం రెండుసార్లు. చాలామంది ఆడవాళ్ళు నచ్చిన సినిమా మళ్ళీ చూసేవాళ్ళే, అది వింత కాదు. ఆమె ఏడ్చే చోటు వింత. అందరూ పద్నాలుగో రీల్లో ఏడిస్తే, ఆమె పదిహేనో రీల్లో, తాళాలు తీసిన చెయ్యి కనిపించినప్పుడు ఏడ్చేది. అదీ కుమిలి కాదు. బరువు దించుకున్న మనిషిలా, ముఖం తేటపడుతుండగా. పుస్తకంలో ఆ నిమిషం పక్కన "ఒక్కరు" అని నాలుగుసార్లు రాశాను.

నాలుగో వారం మంగళవారం, ఇంటర్వెల్‌లో నేనే పలకరించాను. ఆమె పేరు అనసూయ అనుకోండి, అసలు పేరు అది కాదు. కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఉంటుంది. భర్త లోకో షెడ్డులో ఫిట్టరు. ఇంట్లో అతనూ, ఆమె, అత్తమ్మ. ఏడాదిగా ఇంట్లో వస్తువులు మాయమవుతున్నాయి. బీరువా తాళాలు ఆమె చీరల కింద దొరికాయి. రేషను కార్డు ఆమె ట్రంకు పెట్టెలో దొరికింది. ప్రతిసారీ అత్తమ్మ, నా చేత్తో కోడలికే ఇచ్చానని ఒట్టు పెడుతుంది. భర్త చెడ్డవాడు కాదు, చేయి చేసుకోడు. కానీ తల్లి ఒట్టును కాదనలేడు.

"మొదట్ల కొట్లాడిన అక్కా. ఇగ ఇప్పుడు నాకే డౌటొస్తాంది" అంది. "నేనే పెట్టి నేనే మర్శిపోతాన్ననేమో. రాత్రి పండుకునే ముందుగాల తాళాలు ఏడున్నయో నాలుగుసార్ల చూసుకుంట."

భర్త ఆమె అన్నకు ఉత్తరం రాశాడు. అన్న తొర్రూరు దగ్గర పల్లెలో పత్తి రైతు, తల్లిదండ్రులు లేని ఆమెకు ఆయనే పుట్టిల్లు. గురువారం వస్తున్నాడు. ఇద్దరూ కలిసి ఆమెను హైదరాబాదులో పిచ్చి దవాఖానలో చేర్చాలని అనుకున్నారు. అక్కడ చేరి వచ్చిన ఆడదానికి వెనక ఇల్లుంటుందో ఉండదో అప్పటి రోజుల్లో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

"అన్నను ఈ సిన్మకు దోల్కొస్త అక్కా. నేను జెప్తే ఇనడు. చూస్తె సమజైతది" అంది.

"తోల్కరా" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

నేనిచ్చిన కాగితం

ఆ మంగళవారానికి మూడు రోజుల ముందు, శనివారం నేను సారు బల్ల మీద పెట్టిన కాగితం సంగతి చెప్పాలి.

ఆ ఎండాకాలం మధ్యాహ్నాలు కరెంటు పోయేది. మ్యాట్నీ ఆలస్యమైతే ఫస్ట్ షో జనం గేట్ల దగ్గర గొడవ చేసేవాళ్ళు. అలాంటప్పుడు హాళ్ళవాళ్ళు ఒక పాటో, ఒక రీలో వదిలేయడం మామూలే. ఈ సినిమాలో ఏది వదిలేయవచ్చో చూడమని సారు అడిగాడు. నేను ఆరు మ్యాట్నీలు లెక్కపెట్టాను. పదిహేనో రీలు మొదలవగానే జనానాలో సగం కంటే ఎక్కువమంది లేచి వెళ్ళిపోతున్నారు. ఒక రోజు నూట ముప్పై ఇద్దరిలో ఎనభై ఒక్కరు. దొంగ ఎవరో ఊరందరికీ తెలిసిపోయింది, ఇక వివరణ ఎవరికీ అక్కర్లేదు అనుకున్నాను. "పదిహేను తీస్తే నష్టం లేదు" అని రాసి సంతకం పెట్టాను. సారు చూద్దాం అన్నాడు.

లెక్క తప్పు కాదు. ఇప్పుడు కూడితే ఇప్పుడూ అంతే వస్తుంది. దానికి నేను చెప్పుకున్న అర్థం తప్పు. పదిహేనో రీలు అయిదుంపావుకు మొదలయ్యేది. మా పేటల్లో నల్లా అయిదున్నరకు వచ్చేది. ఆ ఆడవాళ్ళు కథ చాలించుకుని లేవలేదు, బిందెలు వరుసలో పెట్టాలని లేచారు. నేనూ అదే నల్లా నీళ్ళు తాగే మనిషిని. నాకు తట్టలేదు.

మంగళవారం అనసూయ అంతా చెబుతుంటే శనివారం ఇచ్చిన కాగితం గుర్తు రాలేదు. అదీ తట్టలేదు.

గురువారం మ్యాట్నీ

ఆమె అన్న మల్లయ్య నలభై ఏళ్ళ మనిషి, తెల్ల ధోతీ, భుజం మీద తువ్వాల. చెల్లెలిని జనానా తలుపు దాకా దిగబెట్టి, "అక్కా, మా పిల్ల పైలం. జర తబియత్ బాగలేదు" అని నాకు అప్పగించి మగవాళ్ళ కుర్చీల్లోకి వెళ్ళాడు. అనసూయ నన్ను చూసి నవ్వింది. అన్నకిష్టమని ఆ రోజు పసుపు చీర కట్టుకున్నానని చెప్పింది.

ఆట మొదలైన పది నిమిషాలకు కరెంటు పోయింది. వచ్చేసరికి పన్నెండు నిమిషాలు. నేను జాలీలోంచి మల్లయ్యను చూస్తూనే ఉన్నాను. ఇంటర్వెల్‌లో ఆయన లేవలేదు. పద్నాలుగో రీల్లో ఆ అమ్మాయి మెట్ల మీద అరిచినప్పుడు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

అప్పుడు నా వెనక డాక్టరు గొంతు వినిపించింది. ఇక భయం లేదమ్మా, పూర్తిగా నయమైంది.

నేను తెరవైపు తిరిగాను. పనిలో అలా తిరగడం చాలా అరుదు. తెల్ల మంచం, పూలగుత్తి, నవ్వుతున్న భర్త. పదహారో రీలు నడుస్తోంది. వెనక కుర్చీల్లో రెండు ఈలలు వినిపించాయి, అంతే. అందరికీ కథ తెలుసు కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తెలియనివాడు హాల్లో ఒక్కడే ఉన్నాడు.

ఆ రీలు తీసేస్తే సినిమా పొట్టిది కాదు, వేరేది అవుతుంది. పిచ్చి అని అందరూ అన్న పిల్ల పడిపోయింది, ఆస్పత్రికి తీసుకుపోయారు, బాగుపడింది. అందరూ అన్నదే నిజం. మల్లయ్య చూసిన కథ అది.

జనం వెళ్ళిపోయాక ఆయన జనానా తలుపు దగ్గరికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చెల్లెలి తల మీద చెయ్యి పెట్టి, "ఇందుకా బిడ్డా నన్ను దోల్కొచ్చినవ్? నీకే సమజైంది, మంచిగైంది. దవాఖానకు వోతె ఎట్ల బాగైందో జూసినవ్ గద. భయపడకు, నేను ఎంబడే ఉంట" అన్నాడు. ఇంత ప్రేమగా అన్న మాట నేను ఎక్కువసార్లు వినలేదు.

అనసూయ నా వైపు తిరిగింది. ఆమె ముఖంలో నెత్తురు లేదు.

"అక్కా, చెయ్యి గనపడేది ఉండె గదా? అయిదుసార్ల జూసిన గదా? ఉండెనా, లేకుంటె అది గూడ నేనే అనుకున్ననా?"

నేను కొన్ని వేల ముఖాలు చూశాను. తనను తాను పూర్తిగా వదిలేసుకోబోతున్న ముఖం అదొక్కటే చూశాను. ఆమె ఇంట్లో ఎవరు ఏం చేశారో నాకు తెలియదు. ఆ మ్యాట్నీలో మాత్రం ఆమె దగ్గరున్న వస్తువును మాయం చేసిన చెయ్యి నాది.

"ఉండె" అన్నాను. "పదిహేనో రీలు. ఇయ్యాల తీసేసిండ్రు. తీసెయ్యమని రాసిచ్చింది నేనే. నీ తప్పేం లేదు బిడ్డా. రాండ్రి నా ఎంబడి."

పదకొండు నిమిషాలు

సారు గదిలో ఫస్ట్ షో టికెట్ల పుస్తకాలు లెక్క చూసుకుంటున్నాడు. ఆలస్యమైంది కాబట్టి నా కాగితం చూసి ఆపరేటరుకు చీటీ పంపానని చెప్పాడు. ఆ ఒక్క రీలు వీళ్ళిద్దరి కోసం ఇప్పుడు వేయాలని అడిగాను. ఆయన కళ్ళద్దాలు తీశాడు.

"లెక్క నువ్వే ఇస్తివి గద సరోజనా."

"నేనే ఇచ్చిన సారు. తప్పిచ్చిన."

నేను తప్పు అన్న మాట ఆయన అంతకు ముందు వినలేదు, నిజానికి నేనూ అనలేదు. విషయం నాలుగు ముక్కల్లో చెప్పాను. ఆయన బయట నిలబడ్డ మల్లయ్యను చూశాడు, గోడగడియారం చూశాడు. అయిదూ నలభై అయిదు. "ఆరింటికి గేట్లు తీస్త. ఒక్క నిమిషం దాటొద్దు" అన్నాడు.

ఆపరేటరు ఖాజా భాయ్ మెషిన్ గదిలో చాయ్ తాగుతున్నాడు. రీలు ఎందుకో వినగానే గ్లాసు పక్కన పెట్టేశాడు. "అరే, పాగల్ అన్నరా ఆ పిల్లను?" అని డబ్బా మూత తీశాడు.

అన్నాచెల్లెళ్ళను మగవాళ్ళ కుర్చీల్లోనే పక్కపక్కన కూర్చోబెట్టాను. పదహారేళ్ళలో నేను నియమం తప్పిన సందర్భాల్లో అదొకటి. ఊడ్చేవాళ్ళ చీపుర్లు ఆపించాను. దీపాలు ఆరాయి. ఊడ్చిన దుమ్ము ఇంకా గాలిలోనే ఉంది, తెల్లటి వెలుగు దాని గుండా తెర మీదికి వెళ్ళింది.

ఆ రోజు మొదటిసారి నేను తెరవైపు తిరిగి ఒక రీలు మొత్తం చూశాను. తాళాలు తీసిన చెయ్యి. భరిణె తీసిన చెయ్యి. ఉత్తరం మడిచి దిండు కింద పెట్టిన చెయ్యి. మొదట ఆమె కళ్ళతో చూసిన ప్రతి గదినీ ఈసారి ఆ చెయ్యి వెంట చూస్తాం. ఈ పద్ధతి చాలా సినిమాల్లో ఉంది, చాలాచోట్ల విసుగ్గా ఉంటుంది. దర్శకుడు తన తెలివి చూపించుకోవడానికి వాడతాడు. కానీ ఈ వివరణ పుట్టింది అందుకు కాదని ఆ ఖాళీ హాల్లో తెలిసింది. అది ప్రేక్షకులకు బాకీ కాదు, ఆ అమ్మాయికి బాకీ. నీ కళ్ళు సరిగ్గానే చూశాయి అని ఆమెకు ఎవరో ఒకరు చెప్పాలి. అందుకే జరిగింది రెండోసారి చూపించాలి.

దీపాలు వెలిగాక మల్లయ్య చెల్లెలి వైపు తిరిగి అడిగాడు.

"మీ ఇంట్ల ఆ చెయ్యి ఎవరిదే?"

"నాకెర్క లేదన్నా" అంది. "చూడంది ఎవ్వలి మీద చెప్పబుద్ధి గాదు."

"అయితె నేను జూస్త" అన్నాడు.

బయట ఫస్ట్ షో గంట కొట్టారు. ఆరయింది.

తొమ్మిది రోజులు

పదో రోజు శనివారం, తొర్రూరు బస్సెక్కే ముందు మల్లయ్య హాలుకు వచ్చి నన్ను పిలిపించాడు. చెట్టు కింద సైకిళ్ళ స్టాండు దగ్గర నిలబడి చెప్పాడు.

ఆయన బావ మీద అనుమానంతో పోయి కూర్చున్నాడు. విత్తనాలు పెట్టే పని ఉందని తెలిసీ పొలం వదిలి ఆ క్వార్టరు వరండాలో తొమ్మిది రోజులు ఉన్నాడు. బావ డ్యూటీకి పోయేవాడు, వచ్చేవాడు, ఏ వస్తువూ ముట్టలేదు. నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం అనసూయ బట్టలు ఉతుకుతుండగా అత్తమ్మ లేచింది. మేకుకున్న తాళాలు తీసింది. బియ్యం డబ్బా మూత తీసి అందులో పెట్టి, పైన బియ్యం కప్పి, మూత వేసి వచ్చి కూర్చుంది. కాసేపటికి తాళాలేవని లేచి కోడలిని పిలిచింది.

"సిన్మల లెక్క దొరకవట్టి నాలుగు దెబ్బలు కొడ్దామనుకున్న అక్కా" అన్నాడు. "డబ్బల కెల్లి తీసి ముంగట పెట్టిన. ముసలామె నా మొకం జూసి, ఇవి ఈ డబ్బలకు ఎట్లొచ్చినయ్ కొడుకా అని ఏడ్సింది. నిజంగనే ఏడ్సింది. ఆమెకు ఎర్క లేదు. చెయ్యి లేవలే నాకు."

ఆ తర్వాత ఆయన బావను సెలవు పెట్టించి తనతో పాటు కూర్చోబెట్టాడు. ఎనిమిదో రోజు అతనూ కళ్ళారా చూశాడు. తల్లి ఈసారి రేషను కార్డు కోడలి ట్రంకు పెట్టెలో పెట్టింది. అది భద్రమైన చోటని ఆమెకు ఎక్కడో లోపల గుర్తు. పెట్టిన సంగతి మాత్రం గుర్తుండదు. బావ సాయంత్రం పోయి అనసూయ ముందు కింద కూర్చున్నాడట.

"ఏమన్నడు?" అని అడిగాను.

"ఏమనలే. ఏమంటడు? చెల్లెనే ఓ గిలాస నీళ్ళిచ్చింది."

చెల్లెలిని తీసుకుపోతానని ఆయన అడిగాడట. ఆమె ఉంటానంది. ఇప్పుడు ఎవరూ తనను దొంగగా చూడడం లేదనీ, అత్తమ్మను ఒంటరిగా వదిలితే పొయ్యి దగ్గర ఏం చేసుకుంటుందోననీ అంది.

ఇప్పటివాళ్ళకు

ఈ రకం సినిమాల్లో నాకు నచ్చని ఒక నియమం ఈ సంగతి తర్వాత బాగా తెలిసింది. అక్కడ ప్రతి భయానికీ ఒక యజమాని ఉండాలి. చెయ్యి కనిపిస్తే దాని వెనక కుట్ర ఉండాలి, కుట్ర వెనక ఆస్తి ఉండాలి, చివర బేడీలు పడాలి. రెండున్నర గంటల్లో ముగించాలంటే అది తప్పదేమో. కానీ కుట్రే లేని చేతులు ఇళ్ళల్లో చాలా ఉంటాయి. ఆ సినిమా అనసూయకు సగం నిజమే చెప్పింది. నీకు పిచ్చి లేదు అన్నంతవరకు నిజం. నీకొక శత్రువున్నాడు అన్నది అబద్ధం. మిగతా సగం కోసం ఒక రైతు విత్తనాల వేళ తొమ్మిది రోజులు వరండాలో కూర్చోవలసి వచ్చింది. కథలు రాసే పిల్లలు వీలైతే ఆ తొమ్మిది రోజుల సినిమా తీయాలి.

హాల్లో పనిచేసే పిల్లలకు ఒకటే చెబుతాను. లెక్కపెట్టండి, తప్పకుండా పెట్టండి. లేచినవాళ్ళను లెక్కపెట్టి, లేవనివాళ్ళను కూడా ఒక్కొక్కరినే చూడండి. మేం రీలు తీసేసిన చోట లేవకుండా కూర్చునే మనిషి ఒక్కరే ఉండవచ్చు. ఆ తర్వాత పదేళ్ళూ నేను ఏ సినిమాలో ఏ రీలు తీయాలో సారుకు రాసివ్వలేదు. ఆయనా అడగలేదు.

1981లో, చలికాలంలో, ఒక మామూలు కుటుంబ సినిమా మ్యాట్నీకి అనసూయ వచ్చింది. ఈసారి ఒంటరిగా కాదు. ఒక చేత్తో అత్తమ్మ చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో ఆమె చీర కుచ్చిళ్ళు తొక్కుకోకుండా ఎత్తిపట్టుకుని, మెల్లగా తీసుకొచ్చింది. ముసలావిడకు అప్పటికి కొడుకు పేరు కూడా ఒకసారి తెలిసేది, ఒకసారి తెలిసేది కాదు. చివరి బెంచీలో గోడ పక్కన కూర్చోబెట్టాను.

ఆట మొదలైంది. అయిదు నిమిషాలకు ముసలావిడ గట్టిగా అడిగింది: "ఆ పిల్ల ఎవలే?" అనసూయ చెప్పింది. మళ్ళీ అయిదు నిమిషాలకు అదే పిల్లను చూసి అదే ప్రశ్న. అనసూయ మళ్ళీ మొదటిసారి చెప్పినట్టే చెప్పింది. ముందు వరుసల ఆడవాళ్ళు వెనక్కి తిరిగి, తర్వాత నా వైపు చూశారు. మాట్లాడేవాళ్ళను ఊరుకోబెట్టడం నా పని. నేను టార్చి ఆర్పేసి తలుపుకు ఆనుకున్నాను.

శుభం పడేలోగా ఆ ముసలావిడ ఎన్నిసార్లు అడిగిందో పుస్తకంలో రాశాను. ముప్పై ఒక్కసారి. ఎన్నిసార్లు జవాబు వచ్చిందో కూడా పక్కనే రాశాను. ముప్పై ఒక్కసారి.